రేపు ఎట్లుంటుందో తెలియనప్పుడు: తగ్గింపు, నమ్మకం అంటే ఏమిటి?

"చూడాల, ఈ ఏడు వాన ఎట్లొస్తుందో." కర్నూలు, కడప పల్లెల్లో విత్తనాల కాలం దగ్గరపడితే ఈ మాట వినబడని ఇల్లు ఉండదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే ఎక్కువగా కురిసి, మన వైపు వచ్చేసరికి పలచబడతాయి. ఈశాన్య రుతుపవనం కోస్తాను తడిపినంతగా మనల్ని తడపదు. ఏడాదికి సుమారు 600, 700 మిల్లీమీటర్ల వాన మన లెక్క. అది కూడా సమయానికి పడితేనే పంట. ముంగారులో పది రోజులు ముందో వెనకో అయితే వేరుశనగ చేను వేరే కథ చెబుతుంది.

ఇలాంటి నేల మీద బతికే విశ్వాసికి "రేపటిని గూర్చి చింతించవద్దు" అనే బోధ తేలిక మాట కాదు. విత్తనం కొనడానికి అప్పు చేసినవాడు చింతించకుండా ఎలా ఉంటాడు? బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో తెలియక బంగారం కుదువపెట్టిన తల్లి ఎలా ఉంటుంది? పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి గుంటూరు మిరప చేలకు కూలికి వెళ్లే కోసిగి, మంత్రాలయం ప్రాంతపు కుటుంబం ఎలా ఉంటుంది? కడప నుంచి కువైట్‌కు వెళ్లిన చెల్లెమ్మ ఎలా ఉంటుంది?

ఈ ప్రశ్నలకు సంఘంలో మనం ఇచ్చే జవాబు మీద ఎంతోమంది విశ్వాసం నిలబడుతుంది, లేక కూలిపోతుంది. అందుకే వాక్యం నిజంగా ఏమి చెబుతోందో, ఏమి చెప్పడంలేదో ఈ వారం నిదానంగా చూద్దాం.

తెలుసుకోవాలనే ఆశ

రేపటిని ముందుగా తెలుసుకోవాలనే ఆశ మన ప్రాంతానికి కొత్త కాదు. కాలజ్ఞానం చెప్పారని ప్రజలు నమ్మే పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి నివసించిన బనగానపల్లె, కందిమల్లాయపల్లె మన సీమలోనివే. ఏదైనా వింత జరిగితే "బ్రహ్మంగారు అప్పుడే చెప్పినారు" అనడం ఇక్కడ మామూలే. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఈ ఏడు వానలెన్ని, పంటలెన్ని అని వింటారు. బోరు పాయింటు చూడటానికి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేలో నడిచేవాళ్లనూ మనం చూస్తూనే ఉంటాం.

మనం వాటిని చేయడంలేదు కదా అని క్రైస్తవులం తృప్తిపడటం సులువు. కానీ డిసెంబరు 31 రాత్రి మన ఆరాధనల్లో ఏం జరుగుతుందో ఒకసారి ఆలోచించండి. వాగ్దాన కార్డు తీస్తాం. అందులో వచ్చిన వచనాన్ని ఇంటి గోడకు అంటిస్తాం. అది తప్పు కాదు. దేవుని వాక్యాన్ని ఏడాది పొడవునా కళ్ల ఎదుట ఉంచుకోవడం మంచిదే. అయితే ఆ కార్డును "ఈ ఏడు నాకు జరగబోయేది ఇదే" అని జాతకంలా చదివినప్పుడు వాక్యం చేసే పని మారిపోతుంది. ఇశ్రాయేలు జనమంతటికీ, చెరలో ఉన్న కాలంలో, ఒక ప్రత్యేక సందర్భంలో దేవుడు చెప్పిన మాట, మన బోరులో నీళ్లు పడతాయనే హామీ అయిపోతుంది. నీళ్లు పడకపోతే మాట తప్పింది దేవుడే అనిపిస్తుంది.

ఇంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. "ఈ సంవత్సరం నీ అప్పులన్నీ తీరిపోతాయని ప్రభువు నాకు చూపించాడు" అని పేరుపెట్టి చెప్పే ప్రసంగీకులు పెరిగారు. ప్రభువు పేరట పలికిన మాట జరగకపోతే అది ప్రభువు చెప్పినది కాదని ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం స్పష్టంగా పరీక్ష పెట్టింది. మన సంఘాల్లో ఆ పరీక్ష ఎవరూ పెట్టరు. పైగా జరగనప్పుడు నింద వినేవాడి మీద పడుతుంది: "నీకు విశ్వాసం చాలలేదు." పంట పోయిన ఇంటికి ఇది రెండో దెబ్బ.

యాకోబు చెప్పిన వర్తకులు

యాకోబు పత్రిక 4వ అధ్యాయం చివరలో కొందరు వర్తకులు కనబడతారు. వాళ్ల మాటలో నాలుగు సంగతులున్నాయి: ఎప్పుడు బయలుదేరతామో, ఏ ఊరికి వెళ్తామో, అక్కడ ఎంతకాలం ఉంటామో, ఎంత లాభం తెస్తామో. నాలుగూ ఖాయం చేసుకున్నారు. యాకోబు వాళ్ల వర్తకాన్ని తప్పుపట్టలేదు, ప్రయాణాన్ని తప్పుపట్టలేదు. ఏడాది ముందుగా ఆలోచించడాన్నీ తప్పుపట్టలేదు. రేపు తమ సొంతమన్నట్టు మాట్లాడటాన్ని తప్పుపట్టాడు. అక్కడ ఆయన వాడిన గ్రీకు మాట, తన దగ్గర లేనిదాన్ని ఉన్నట్టు చెప్పుకునేవాడి గొప్పలకు వాడే మాట. తెల్లవారుజామున చెరువు మీద కనబడి ఎండెక్కేసరికి లేకుండాపోయే ఆవిరిలాంటి మనిషి, ఏడాదంతా తన జేబులో ఉన్నట్టు మాట్లాడుతున్నాడన్నది యాకోబు భావం.

మన నేల మీదే ఈ మాటకు ఉదాహరణలున్నాయి. దత్తమండలాలకు 1800 నుంచి కలెక్టరుగా పనిచేసిన సర్ థామస్ మన్రో తరువాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో ఇంగ్లండుకు తిరిగి వెళ్లిపోవడానికి సిద్ధపడుతూ, వెళ్లేముందు తన పాత మండలాలను ఒకసారి చూసి వద్దామని బయలుదేరాడు. దారిలో కలరా సోకింది. జూలై 6న పత్తికొండలో చనిపోయాడు. రాష్ట్రం మొత్తం ఆయన చేతి కింద ఉండేది. ఆ వారం మాత్రం ఆయన చేతిలో లేకపోయింది.

కర్నూలు–కడప కాలువ కథ కూడా ఇలాంటిదే. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే లండను కంపెనీ 1860ల్లో సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, అక్కడినుంచి కడప దాకా దాదాపు 300 కిలోమీటర్ల కాలువ తవ్వించింది. నీళ్లు అమ్మాలి, పడవలు నడపాలి, లాభం రావాలి అన్నది లెక్క. పెట్టిన డబ్బుకు వడ్డీ ఇస్తామని ప్రభుత్వం హామీ కూడా ఇచ్చింది. కానీ వానలు సరిగా పడిన ఏళ్లలో నల్లరేగడి రైతు డబ్బు కట్టి కాలువ నీళ్లు తీసుకోవడానికి ముందుకు రాలేదు. పడవల రాకపోకలూ అనుకున్నట్టు సాగలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. కంపెనీ లెక్క తప్పింది. కానీ ఆ కె.సి. కాలువ నీళ్లు ఈ రోజుకూ నంద్యాల, కడప వైపు వరి చేలకు పారుతున్నాయి. పని వ్యర్థం కాలేదు. ఆ పని వల్ల ఎవరికి ఎప్పుడు మేలు కలుగుతుందో తవ్వినవాళ్లకు తెలియలేదు, అంతే.

తగ్గింపు అంటే ఇదే. ప్రణాళిక వేయడం మానేయమని కాదు. వేసిన ప్రణాళికను దేవుని ముందు తెరిచిన చేతిలో పెట్టుకోవడం.

తగ్గింపుకూ చింతకూ ఉన్న సంబంధం

పేతురు మొదటి పత్రిక 5వ అధ్యాయంలో రెండు ప్రసిద్ధమైన మాటలు పక్కపక్కనే ఉన్నాయి. దేవుని బలమైన చేతి కింద తగ్గించుకొమ్మనేది ఒకటి. మన చింత అంతా ఆయన మీద వేయమనేది రెండోది. మన తెలుగు బైబిలులో ఇవి రెండు వాక్యాలుగా కనబడతాయి కాబట్టి, రెండూ వేరువేరు ఆజ్ఞలనుకుంటాం. ఒకటి గర్విష్ఠులకు, రెండోది దిగులుపడేవాళ్లకు అనుకుంటాం. గ్రీకులో మాత్రం ఇది ఒకే వాక్యం. తగ్గించుకోండి, ఎలాగంటే మీ చింతను ఆయన మీద వేస్తూ తగ్గించుకోండి అన్నట్టుగా దాని కూర్పు ఉంటుంది. చింతను దించుకోవడం కూడా తగ్గింపులో భాగమే.

ఇది కాస్త జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. చింతపడేవాళ్లంతా గర్విష్ఠులని పేతురు అనడంలేదు. ఆయన రాసింది శ్రమలు పడుతున్న సంఘాలకు. ఆకలి, అప్పు, జబ్బు వీటి వల్ల కలిగే దిగులు పాపం కాదు. గెత్సేమనేలో మన ప్రభువే తీవ్రమైన వేదన పడ్డాడు. పేతురు చెప్పేది వేరు. రేపటిని నడిపించే పని దేవునిది. ఆ పని మన నెత్తిన ఎత్తుకున్నప్పుడు మన మెడ విరుగుతుంది. అది మనకు మించిన మూట అని ఒప్పుకుని దించడమే తగ్గింపు. ఎవరి మీద దించుతున్నామో ఆయనకు మన గురించి పట్టింపు ఉందని తెలిసి దించడం నమ్మకం. అందుకే తగ్గింపు లేని నమ్మకం గొప్పలుగా మారుతుంది. నమ్మకం లేని తగ్గింపు "మన రాత ఇంతే" అనే నిరాశగా మారుతుంది.

"అంతా తలరాత" అనే మాట మన నోట తేలికగా వస్తుంది. వినడానికి వినయంలా ఉంటుంది, కానీ అది క్రైస్తవ తగ్గింపు కాదు. తలరాతకు కళ్లు లేవు, చెవులు లేవు, దానితో మాట్లాడలేం. మనం తగ్గించుకునేది తండ్రి ఎదుట. ఆయనతో మొరపెట్టవచ్చు, అడగవచ్చు, ఏడవవచ్చు. కీర్తనల గ్రంథంలో సగానికి దగ్గరగా ఇలాంటి మొరలే ఉన్నాయి.

2009: ఒకే ఏడాదిలో కరువు, వరద

మన ప్రాంతంలో పెద్దవాళ్లెవరూ 2009ని మరిచిపోరు. ఆ ఏడు నైరుతి రుతుపవనాలు దేశమంతటా విఫలమయ్యాయి. దేశం మొత్తం మీద వాన 22 శాతం తగ్గింది. 1972 తరువాత అంత లోటు రాలేదు. సీమలో వేసిన విత్తనం మొలకలోనే ఎండింది. సంఘాల్లో వాన కోసం ఉపవాస ప్రార్థనలు జరిగాయి.

సెప్టెంబరు 2 ఉదయం హైదరాబాదు నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి, పులివెందుల వాస్తవ్యుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలింది. ఆయనతోపాటు మరో నలుగురు చనిపోయారు. ఎక్కడికి, ఎన్ని గంటలకు, ఎవరితో అన్నదంతా ముందే ఖరారైన ప్రయాణం అది. సరిగ్గా నెల తిరిగేసరికి, అక్టోబరు 2న, తుంగభద్ర, హంద్రీ కలిసే చోట ఉన్న కర్నూలు నగరం నీట మునిగింది. మంత్రాలయం మునిగింది. శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆనకట్ట కట్టినవాళ్లు అంత నీటిని ఊహించలేదు. నెల క్రితం దాకా ఆకాశం వైపు చూసిన జనం, ఇప్పుడు మేడలెక్కి కింద నీళ్ల వైపు చూశారు.

అప్పుడు కొన్ని వేదికల మీద వినబడిన వివరణలు రెండు రకాలు. ఒకటి: "ఇది ఫలానా పాపానికి శిక్ష." రెండు: "మన ప్రార్థనకు జవాబు మరీ ఎక్కువగా వచ్చింది." రెండూ దేవుని మనసు మాకు తెలుసన్న ధీమాతో చెప్పిన మాటలే. లూకా సువార్త 13వ అధ్యాయంలో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి యేసు ప్రభువే ఎత్తాడు. వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతావాళ్లకంటే ఎక్కువ పాపులేమీ కాదని చెప్పాడు. ఎందుకు కూలిందో వివరించలేదు. వింటున్నవాళ్లను తమ తమ జీవితం సరిచూసుకొమ్మన్నాడు. కారణం చెప్పే అధికారం ఉన్నవాడే కారణం చెప్పకుండా ఊరుకున్నప్పుడు, మనం చెప్పడానికి తొందరపడకూడదు.

2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు పల్లెలు కొట్టుకుపోయినప్పుడూ ఇదే పాఠం. ఆ ఊళ్లవాళ్లు పక్క ఊళ్లవాళ్లకంటే పాపులు కారు. పక్క ఊళ్లవాళ్లు వాళ్లకంటే నీతిమంతులు కారు. దేవుని ఉద్దేశం తెలుసన్నట్టు మాట్లాడకపోవడం అంటే మనుషుల బాధ్యతను అడగకపోవడం కాదు. గేట్లు, కట్టలు ఎందుకు సరిగా చూడలేదని అడగడం న్యాయమే. చనిపోయినవాళ్ల మీద తీర్పు చెప్పడమే మన పని కాదు.

నమ్మకం ఏది కాదు

తొలకరి వానలు పడగానే కర్నూలు జిల్లాలో తుగ్గలి, జొన్నగిరి, పెరవలి, మద్దికెర వైపు చేలల్లో ఒక వింత కనబడుతుంది. ఒకే చేను దగ్గర రెండు రకాల మనుషులుంటారు. ఒకరు గొర్రు కట్టి విత్తుతుంటారు. ఇంకొందరు తలవంచుకుని వజ్రాల కోసం వెతుకుతుంటారు. దూరదూరపు ఊళ్లనుంచి అన్నం మూటలు కట్టుకుని వస్తారు. ఎప్పుడో ఒకరికి దొరుకుతుంది కూడా. ఆ కబురు విని మరుసటి ఏడు ఇంకా ఎక్కువమంది వస్తారు.

వెతికేవాళ్లను ఎగతాళి చేయనక్కరలేదు. వాళ్లలో చాలామంది లేమితో వచ్చినవాళ్లే. కానీ మన విశ్వాసం ఆ రెంటిలో దేనిని పోలి ఉందో అడుక్కోవాలి. ఒక్క సాక్ష్యం విని "నాకూ అలాగే జరుగుతుంది" అని కూడిక తరువాత కూడిక తిరగడం వజ్రం వెతకడం లాంటిది. అది కోరుకున్నది దొరుకుతుందనే ఆశ. దేవుడు ఎవరో తెలిసి ఆయన మీద ఆనుకోవడం వేరు.

లేఖనాల్లో నమ్మకానికి పెద్ద సాక్షులు అడిగినది దొరికినవాళ్లు మాత్రమే కారు. హబక్కూకు ప్రవక్త చెట్టు పూయకపోయినా, చేను పండకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా తాను ప్రభువునందు ఆనందిస్తానన్నాడు. ఆయన పేర్కొన్నవి చదివితే మన కరువు గ్రామం లెక్కలాగే ఉంటుంది. బబులోనులో ముగ్గురు యువకులు, దేవుడు తప్పించగలడని చెప్పి, ఒకవేళ తప్పించకపోయినా విగ్రహానికి మొక్కమని చెప్పారు. ఏలీయాను కెరీతు వాగు దగ్గరికి పంపింది దేవుడే. కొంతకాలానికి ఆ వాగు ఎండిపోయింది. దేవుడు చూపించిన చోట ఉన్నా వాగు ఎండవచ్చు. ఏలీయా తప్పు దారిలో ఉన్నందువల్ల ఎండలేదు, వాన లేక ఎండింది. దేవుడు అక్కడినుంచి ఆయనను సారెపతులో ఒక పేద విధవరాలి ఇంటికి పంపాడు. ఆమె దగ్గర ఏడాదికి సరిపడా పిండి నిలవ చేయలేదు. కుండలో పిండి ఏ రోజుకారోజు అయిపోకుండా ఉంది. వాన వచ్చేదాకా వాళ్లు అలాగే బతికారు.

నమ్మకం ఏమి చేస్తుంది

అయితే నమ్మినవాడు చేతులు ముడుచుకుని కూర్చుంటాడా? ప్రసంగి 11వ అధ్యాయం మెట్ట రైతు కోసమే రాసినట్టుంటుంది. గాలినే కనిపెట్టుకుని ఉండేవాడు విత్తడని, మబ్బులనే చూస్తూ ఉండేవాడు కోయడని ఆ అధ్యాయం హెచ్చరిస్తుంది. ఏది ఫలిస్తుందో తెలియదు కాబట్టి ఉదయమూ సాయంత్రమూ విత్తమంటుంది. తెలియకపోవడాన్ని పని మానడానికి కారణంగా కాక, పని చేయడానికే కారణంగా చూపిస్తుంది. అదే అధ్యాయం మొదట్లో, ఏ కీడు వస్తుందో తెలియదు కాబట్టి ఉన్నదాన్ని ఏడెనిమిది పాళ్లుగా పంచమనే మాట ఉంది. ఇది ధర్మం చేయడం గురించి అని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. నష్టం ఒకేచోట పడకుండా పంచుకోవడమని మరికొందరు అంటారు. మన తాతలు రెండూ చేశారు. వేరుశనగలో కంది సాళ్లు పెట్టారు, జొన్న, కొర్ర కలిపి వేశారు. ఒకటి పోతే ఇంకొకటి నిలిచేది. పండిన ఏడు గింజలు దాచారు, ఇరుగుపొరుగుకు బదులిచ్చారు. అది అవిశ్వాసం కాదు. రేపు మనకు తెలియదని ఒప్పుకున్నవాడి తెలివి.

యోసేపుకు ఏడేళ్ల కరువు సంగతి దేవుడే తెలియజేశాడు. తెలిసిన తరువాత అతడు కొట్లు కట్టించాడు. మనకు అలాంటి కల రాలేదు. అయినా పంట బీమా కట్టడం, వడ్డీ ఎంతో తెలుసుకుని అప్పు చేయడం, రెండు బోర్లు ఎండిన చోట మూడో బోరుకు ఇల్లు తాకట్టు పెట్టేముందు భార్యాపిల్లలతో కూర్చుని మాట్లాడటం విశ్వాసానికి విరుద్ధం కాదు. "దేవుడు చూసుకుంటాడులే" అని లెక్క చూడకుండా దూకడం నమ్మకం కాదు. దేవాలయ శిఖరం మీదినుంచి దూకమని శోధకుడు అడిగినప్పుడు మన ప్రభువు ఒప్పుకోలేదు.

మన సంఘ చరిత్రలోనూ ఈ పాఠం ఉంది. 1876–78 మహా కరువు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను పీల్చిపిప్పి చేసింది. 1871 జనాభా లెక్కతో పోలిస్తే 1881 నాటికి కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఆ కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న పేదలకు కూలి ఇప్పించాడు. కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపాడు. తిండి కోసం వస్తున్నారో, క్రీస్తు కోసం వస్తున్నారో తేల్చడం కష్టమని ఆయనకు తెలుసు. తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చాలామంది ఆ సంఖ్యనే గుర్తుపెట్టుకుంటారు. దానికి ముందున్న రెండింటినీ కూడా గుర్తుపెట్టుకోవాలి: ఆకలికి కూలి చూపించిన పని, మనుషుల మనసు తనకు తెలుసనుకోని ఓపిక.

మన సంఘాలు చేయగలిగినవి

ఇదంతా వాక్యం వరకేనా? మన సంఘాల్లో ఈ ఏడే మొదలుపెట్టదగిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, మాట. "ప్రభు చిత్తమైతే" అనే మాటను ఊతపదంగా కాక ప్రార్థనగా పలకడం నేర్చుకుందాం. కూడికకు రావడం ఇష్టంలేక "ప్రభు చిత్తమైతే వస్తాను" అనడం ఆ మాటను తక్కువ చేయడమే. నిజంగా రావాలనుకుని, వస్తామో రామో మన చేతిలో లేదని ఒప్పుకుని అనడం తగ్గింపు.

రెండోది, వేదిక. కొత్త సంవత్సరపు ఆరాధనలో వాగ్దానం ఇచ్చేటప్పుడు, ఆ వచనం ఎవరికి ఎప్పుడు చెప్పినదో రెండు మాటల్లో వివరించండి. "ఈ ఏడు ఏం జరిగినా ఈ దేవుడు మనతో ఉంటాడు" అని చెప్పండి. అది లేఖనం ఇచ్చే హామీ. "ఈ ఏడు నీకు నష్టం రాదు" అనే హామీ లేఖనంలో లేదు.

మూడోది, పంట పోయిన ఇల్లు. "అయ్యగారూ, ఇంత ప్రార్థన చేసినా ఎందుకిట్లయింది?" అని అడిగితే జవాబు తెలియదని చెప్పడానికి సిగ్గుపడవద్దు. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే. తప్పు మొదలైంది నోరు తెరిచి కారణాలు చెప్పిన తరువాతే. అప్పు భారంతో ఎవరైనా మాట్లాడటం తగ్గించేస్తే, చనిపోవాలన్నట్టు మాట్లాడితే, తేలికగా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. నేరుగా అడగండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి, డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి. ప్రభుత్వ ఉచిత సహాయ ఫోను టెలి మానస్ 14416కు ఎప్పుడైనా చేయవచ్చు. ప్రార్థన చేయడంతోపాటు ఇవన్నీ చేయడం ప్రేమలో భాగమే.

నాలుగోది, పిడికెడు బియ్యం. వంట చేసేముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టే అలవాటు మన అమ్మలది, అవ్వలది. కొన్ని సంఘాల్లో అది గుడి ఖర్చులకే పోతోంది. అందులో కొంత భాగం కరువు నెలల్లో పొయ్యి వెలగని ఇంటికి చేరేలా పెద్దలు తీర్మానించవచ్చు. సారెపతు కుండ మన రోజుల్లో చాలాసార్లు ఇలాగే నిండుతుంది.

అయిదోది, వలస వెళ్లేవాళ్లు. మిరప కోతలకు, బెంగళూరు కట్టడం పనులకు, గల్ఫ్‌కు వెళ్లేముందు వాళ్లను సంఘం ముందు నిలబెట్టి ప్రార్థించి పంపండి. ఇంట్లో మిగిలిన పిల్లలు బడికి వెళ్తున్నారా, ముసలివాళ్లు మందులు వేసుకుంటున్నారా అని చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి. ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండానే దేవుడు పిలిచాడని బయలుదేరిన అబ్రాహాము మన విశ్వాసానికి తండ్రి. వలస వెళ్లే కుటుంబం ఆయన అడుగుల్లో నడుస్తోంది.

తెలిసినది, తెలియనిది

2020 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే, 12న ఈస్టర్. ఆ రెండు రోజులూ మన గుళ్లు మూసే ఉన్నాయి. రాష్ట్రంలో కరోనా కేసులు కర్నూలులో ఎక్కువగా ఉన్న రోజులవి. ఇరవై రోజుల ముందు ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనకు ఏర్పాట్లు చేసుకుంటున్న పెద్దలెవరికీ ఇలా జరుగుతుందని తెలియదు. ఆ ఉదయం చాలా ఇళ్లల్లో తండ్రులే లేఖనం చదివారు, పిల్లలే పాటలు పాడారు. సమాధి ఖాళీగా ఉందన్న వార్త మూసిన తలుపుల వెనక కూడా అంతే నిజంగా ఉంది. మొదటి ఈస్టర్ సాయంత్రం శిష్యులు కూడా తలుపులు మూసుకునే ఉన్నారు.

మనకు తెలియనివి చాలా ఉన్నాయి: ఈ ఏడు వాన, ఉల్లి ధర, పత్తికొండ మార్కెట్లో టమాటా రేటు, కువైట్ కొలువు, ఆసుపత్రి రిపోర్టు. వీటిలో ఒక్కదాన్నీ తెలిసినట్టు నటించనక్కరలేదు. తెలిసినది ఒకటి ఉంది. రేపటి దగ్గర మనకంటే ముందే ఉన్నవాడు మన కోసం సిలువ దాకా వెళ్లినవాడు, చనిపోయి తిరిగి లేచినవాడు. ఆ ఒక్క సంగతి తెలిసినందువల్లే మిగతావి తెలియకుండానే బతకగలం, విత్తగలం, పక్క ఇంటివాడి భారం మోయగలం.

ఈ ఆదివారం ఆరాధన తరువాత, మీ సంఘంలో ఈ ఏడు ఎక్కువ దిగులుతో ఉన్నది ఎవరో ఇద్దరు ముగ్గురు పెద్దలు కూర్చుని ఆలోచించండి. ఆ ఇంటికి వెళ్లండి. మాటలు ఎక్కువ చెప్పనక్కరలేదు. ప్రభు చిత్తమైతే వచ్చే వారం మళ్లీ వస్తామని చెప్పి, మళ్లీ వెళ్లండి.